జువెనైల్ హోమ్ నుంచి బయటికొచ్చాక: కుర్రాళ్లు మళ్లీ అందరిలో కలవడానికి అడ్డేమిటి?

పదిహేడేళ్లకు దొంగతనం చేసి దొరికినవాడు ముప్ఫై ఏళ్లకు కూడా దొంగగానే ఉంటాడా? ఉంటాడనే చాలామంది నమ్మకం. కానీ నేరాల మీద పరిశోధన చేసేవాళ్లకు ఏ దేశం లెక్కలు తీసినా ఇంచుమించు ఒకే గీత కనిపిస్తుంది. వయసును అడ్డంగా, నేరాలను నిలువుగా పెట్టి గీస్తే, ఆ గీత టీనేజీ మొదట్లో లేస్తుంది, పదిహేడు పద్దెనిమిది ఏళ్ల చుట్టుపక్కల అన్నిటికన్నా ఎత్తుకు వెళ్తుంది, ఇరవైల్లో దిగిపోతుంది. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లలను పరిశోధకులు ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చారు. ఆ అధ్యయనంలో పనిచేసిన టెరీ మాఫిట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1993లో ఒక విభజన చేసింది. చిన్నప్పటి నుంచే దూకుడుగా ఉంటూ పెద్దయ్యాక కూడా అలాగే కొనసాగేవాళ్లు కొద్దిమంది. టీనేజీలో దారి తప్పి, ఆ తర్వాత సర్దుకునేవాళ్లు చాలామంది.

ఇదంతా చిల్లర దొంగతనాల సంగతి, పెద్ద నేరాలు చేసినవాళ్లు వేరే రకం అని ఎవరైనా అనొచ్చు. ఆ సందేహం తీర్చడానికే అన్నట్టు అమెరికాలో 2000 నుంచి ఒక పెద్ద అధ్యయనం నడిచింది. ఫిలడెల్ఫియా, ఫీనిక్స్ ప్రాంతాల్లో తీవ్రమైన కేసుల్లో దోషులుగా తేలిన 1,354 మంది పిల్లలను ఏడేళ్లపాటు పదేపదే కలిసి మాట్లాడారు. కోర్టు మెట్లెక్కిన తర్వాతి మూడేళ్లలో వాళ్లలో 91.5 శాతం మంది నేరాలు తగ్గించుకున్నారు, లేదా మొదటి నుంచీ తక్కువ స్థాయిలోనే ఉండిపోయారు. ఇంకో సంగతి కూడా తేలింది. ఒకే రకం పిల్లల్లో కొందరిని ఎక్కువ కాలం లోపల ఉంచినందువల్ల, తర్వాత వాళ్లు చేసే నేరాలు తగ్గలేదు.

ఈ లెక్కలు ముందే ఎందుకు చెప్పానంటే, పునరావాసం అనగానే మన బుర్రలో మెదిలే ఆలోచన అక్కడే బోల్తా పడుతుంది. చెడిపోయినవాణ్ని లోపల బాగుచేసి బయటికి పంపాలి అనుకుంటాం. ఎక్కువమంది విషయంలో ఆ బాగుచేసే పని వయసే చేస్తుంది. దానికి అడ్డుపడకుండా ఉండటమే మిగతావాళ్ల వంతు. చెప్పినంత తేలిక కాదు. ఎందుకంటే బయటికొచ్చే కుర్రాడి దారిలో ఉన్న అడ్డంకుల్లో చాలావరకు మన వ్యవస్థలు పేర్చినవే.

వయసు ఏం చేస్తుంది?

కొంత మెదడు చేస్తుంది. తొందరపాటును ఆపే భాగం ఇరవైల మధ్య వరకూ పక్వానికి వస్తూనే ఉంటుంది. 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ ఒక డ్రైవింగ్ వీడియో గేమ్‌తో ప్రయోగం చేశారు. ఒంటరిగా ఆడినప్పటికన్నా పక్కన స్నేహితులు ఉన్నప్పుడు టీనేజర్లు చాలా ఎక్కువ రిస్క్ తీసుకున్నారు. అదే పెద్దవాళ్ల పక్కన ఎవరున్నా పెద్ద తేడా రాలేదు. టీనేజర్ల నేరాలు ఎక్కువగా గుంపులో జరిగేవే అని పోలీసులకు ఏనాటి నుంచో తెలుసు. ఆ గుంపు బలం ఎంతో ఈ ప్రయోగం చూపించింది.

మిగతాది జీవితం చేస్తుంది. బోస్టన్‌లో షెల్డన్, ఎలనార్ గ్లుయెక్ దంపతులు నేరాలు చేసిన 500 మంది బాలుర వివరాలు సేకరించి పెట్టారు. రాబర్ట్ శాంప్సన్, జాన్ లాబ్ దశాబ్దాల తర్వాత ఆ ఫైళ్లను మళ్లీ తెరిచి, అప్పటికి డెబ్బై ఏళ్లకు చేరిన కొందరిని వెతికి పట్టుకుని మాట్లాడారు. నేరాలు మానినవాళ్ల కథల్లో స్థిరమైన ఉద్యోగం, మంచి సంసారం, సైన్యంలో సర్వీసు మళ్లీ మళ్లీ కనిపించాయి. నన్ను ఆకట్టుకున్నది ఇంకొకటి. వాళ్లలో చాలామంది ఫలానా రోజున గట్టి నిర్ణయం తీసుకుని మారలేదు. పొద్దున్నే పనికి పోవాలి, సాయంత్రం ఇంటికి రావాలి, నెలాఖరుకు జీతం చేతికి రావాలి. ఈ వరసలో పడ్డాక పాత సావాసాలకు తీరిక లేకపోయింది. కొన్నేళ్లు పోయాక వెనక్కి చూసుకుంటే తాము మారిపోయినట్టు తెలిసింది.

నిర్బంధం సరిగ్గా ఆ వరసనే తెంపుతుంది. చదువు మధ్యలో ఆగుతుంది, మొదటి ఉద్యోగం దొరకాల్సిన వయసు లోపలే గడిచిపోతుంది, ఇంటి మనుషులతో పరిచయం వారానికోసారి మాట్లాడే ఫోను స్థాయికి పడిపోతుంది. మరి నిర్బంధించిన పిల్లలు మొదటే ఎక్కువ ముదిరినవాళ్లేమో, అందుకే తర్వాత కూడా చెడిపోయారేమో? ఈ చిక్కును అన్నా ఐజర్, జోసెఫ్ డాయిల్ అనే ఆర్థికవేత్తలు తెలివిగా విడదీశారు. షికాగోలో పిల్లల కేసులు ఏ జడ్జి దగ్గరికి వెళ్తాయన్నది దాదాపు లాటరీలాగే జరుగుతుంది. కొందరు జడ్జీలు తరచూ లోపలికి పంపుతారు, కొందరు పంపరు. అంటే ఒకేలాంటి ఇద్దరు పిల్లల్లో ఒకడు కేవలం జడ్జి తేడా వల్ల లోపలికి వెళ్తాడు. సుమారు 35 వేలమంది రికార్డులు ఇలా పోల్చి చూస్తే, లోపలికి వెళ్లినవాళ్లు హైస్కూలు పూర్తి చేయడం బాగా తగ్గింది, పెద్దయ్యాక జైలుకు వెళ్లడం బాగా పెరిగింది. 2015లో ఈ పరిశోధన వచ్చాక, లోపల ఉంచితే బుద్ధొస్తుందనే వాదనకు గట్టి ఆధారం చూపించడం కష్టమైంది. గోటితో పోయేదానికి గొడ్డలి వాడటమే కాదు, గొడ్డలి దెబ్బ ఇంకో గాయమవుతోంది కూడా.

లోపలి సావాసం ఆ నష్టంలో ఒక భాగం. మంచి ఉద్దేశంతో ఒకచోట చేర్చినా పిల్లలు ఒకరి నుంచి ఒకరు నేర్చుకుంటారు. అమెరికాలో 1939లో కేంబ్రిడ్జ్, సోమర్‌విల్ పట్టణాల్లో మొదలైన ఒక కార్యక్రమం కింద బాలురకు సలహాదారులు, ట్యూషన్లు, వేసవి శిబిరాలు సమకూర్చారు. మూడు దశాబ్దాల తర్వాత జోన్ మెకార్డ్ అనే పరిశోధకురాలు వెళ్లి చూస్తే, ఏ సాయమూ అందనివాళ్లకన్నా సాయం అందినవాళ్ల పరిస్థితే కొంత అధ్వానంగా ఉంది. ముఖ్యంగా వేసవి శిబిరాలకు పదేపదే వెళ్లినవాళ్లది. సాయం చేయాలన్న మనసు ఒక్కటే చాలదని చెప్పడానికి ఇంతకన్నా చేదు ఉదాహరణ దొరకదు.

బయటి మొదటి నెలలు

లోపల మంచి నడవడి అంటే చెప్పినట్టు వినడం. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు తినాలో, ఎప్పుడు దీపం ఆర్పాలో వేరేవాళ్లు చెప్తారు. అలా రెండేళ్లు బుద్ధిగా ఉన్నవాడికి బయటికొచ్చిన మర్నాడు ఆ విధేయత అక్కరకు రాదు. దరఖాస్తులు నింపాలి, ఆఫీసుల చుట్టూ తిరగాలి, కాదన్న చోట కోపం తెచ్చుకోకుండా మళ్లీ అడగాలి, ఖాళీగా ఉన్న మధ్యాహ్నాన్ని ఎలాగో గడపాలి. ఈ పనులేవీ లోపల అలవాటు కావు. లోపల అందరికన్నా బాగా నడుచుకున్న కుర్రాడు బయట ముందుగా తడబడితే ఆశ్చర్యపోవాల్సింది లేదు.

ముందుగా కాగితాలు. గుర్తింపు కార్డు లేకపోతే బడి చేర్చుకోదు, బ్యాంకు ఖాతా తెరవదు, యజమాని పని ఇవ్వడు. అరెస్టు రోజున పోయిన కాగితాలను లోపల ఉన్న కాలంలోనే మళ్లీ తీసి ఉంచడం ఏ సంస్థకైనా చేతనయ్యే పనే. చాలాచోట్ల విడుదలయ్యాకే మొదలుపెడతారు. తర్వాత బడి. విద్యా సంవత్సరం మధ్యలో విడుదలైతే సీటు ఉండదు. లోపల చదివిన పాఠాలను బయటి బడి లెక్కలోకి తీసుకోదు. పదిహేడేళ్లవాణ్ని పద్నాలుగేళ్ల పిల్లల పక్కన కూర్చోబెడితే వాడు వారం తిరక్కుండా మానేస్తాడు. నిర్బంధంలో ఉన్న పిల్లల గురించి ఐక్యరాజ్యసమితి 1990లో ఆమోదించిన నియమాలను హవానా నియమాలు అంటారు. అందులో 40వది భలే సూక్ష్మమైనది: లోపల చదివి పొందిన సర్టిఫికెట్ మీద ఆ పిల్లవాడు నిర్బంధంలో ఉన్నాడని తెలిసే ఆనవాలేదీ ఉండకూడదు. ఆ నియమం రాసినవాళ్లకు ఆఫీసు కౌంటర్ల దగ్గర ఏం జరుగుతుందో బాగా తెలుసనిపిస్తుంది.

మందుల సంగతి ఇంకా నాజూకైనది. లోపలున్న పిల్లల్లో డిప్రెషన్, ఆందోళన, మత్తు అలవాటు, చిన్నప్పటి హింస తాలూకు గాయాలు బయటి పిల్లల్లో కన్నా చాలా ఎక్కువ. లోపల ఇస్తున్న మందులు విడుదల రోజున కొద్ది రోజులకు సరిపడా చేతిలో పెడతారు. బయటి డాక్టరు అపాయింట్‌మెంట్ వారాల తర్వాత గానీ దొరకదు. మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలో మళ్లీ మత్తు వైపు పోయినవాణ్ని చూసి వీడు మారలేదు అంటారు.

ఇల్లు అన్నిటికన్నా పెద్ద చిక్కు. వాడు లేని ఇల్లు వాడు లేకుండా బతకడం నేర్చుకుని ఉంటుంది. వాడి మంచం తమ్ముడికి వెళ్లిపోయి ఉంటుంది. తల్లి సంతోషిస్తుంది గానీ ఆ వెనకే చిన్నవాడు కూడా అన్న దారి పడతాడేమోనని టెన్షన్ పడుతుంది. కేసు ఖర్చులకు చేసిన అప్పు ఇంకా తీరి ఉండదు. ఏదైనా గొడవలో ఎవరో ఒకరు పాత సంగతి ఎత్తుతారు. మరికొందరికి ఆ ఇల్లే అసలు సమస్య. కొట్టే తండ్రి దగ్గరికో, తాగుడు దగ్గరికో తిరిగి పంపడాన్ని పునరావాసం అనలేం. ఆడపిల్లల్లో ఇది మరీ ఎక్కువ. వాళ్లలో చాలామంది కేసు మొదలయ్యిందే ఇంట్లో హింస తట్టుకోలేక పారిపోవడంతో. పైగా కుర్రాడికి దొరికే “ఏదో కుర్రతనం” అన్న మాఫీ వాళ్లకు ఊరివాళ్ల నోట దొరకదు. వాళ్ల సంఖ్య తక్కువ కాబట్టి వాళ్ల కోసమంటూ కట్టిన కార్యక్రమాలూ తక్కువే.

వీటన్నిటి మీద ప్రొబేషన్ షరతులు, అంటే బయట ఉన్నా అధికారుల నిఘాలో ఉండేందుకు పెట్టే నియమాలు. ఒక్కోటీ విడిగా చూస్తే సబబుగానే ఉంటుంది. రాత్రి ఫలానా టైముకల్లా ఇంట్లో ఉండాలి, వారానికి ఇన్నిసార్లు ఆఫీసులో కనిపించాలి, కేసులున్నవాళ్లతో తిరగకూడదు, బడికో పనికో వెళ్లాలి. కలిపి చూస్తే ఒకదాని కాలు ఇంకోటి తొక్కుతుంది. ఆఫీసు టైము బడి టైములోనే ఉంటుంది. దొరికిన పని రాత్రి షిఫ్టు. కేసున్నవాడు సొంత అన్నే, ఒకే గదిలో పడుకుంటారు. ఒక్క షరతు తప్పినా, కొత్త నేరం చేయకపోయినా, మళ్లీ లోపలికి పంపే దేశాలున్నాయి. పదిహేడేళ్లవాడు ఇరవై షరతుల్లో ఒక్కటీ మర్చిపోకూడదట! నలభై ఏళ్లవాళ్లలో ఎంతమందికి ఇది సాధ్యం?

ఏవి పనిచేశాయి, ఏవి బెడిసికొట్టాయి

బెడిసికొట్టినవాటిలో పేరుమోసింది భయపెట్టి మార్చడం. 1970ల్లో న్యూజెర్సీలోని రాహ్‌వే జైలులో జీవిత ఖైదీలు పిల్లలను ఎదురుగా నిలబెట్టి అరిచి, బెదిరించి, జైలంటే ఏమిటో చూపించేవారు. 1978లో దాని మీద డాక్యుమెంటరీ వచ్చాక అలాంటివి దేశమంతా వెలిశాయి. టీవీకి బాగుండేది, రాజకీయ నాయకులకు బాగుండేది. తర్వాత సరైన పోలిక గ్రూపులతో జరిగిన ప్రయోగాలన్నీ కలిపి చూస్తే, వెళ్లని పిల్లలకన్నా వెళ్లిన పిల్లలే ఎక్కువ నేరాలు చేశారు. అయినా ఆ పద్ధతి మీద మోజు తీరినట్టు లేదు.

రెండో వైఫల్యం అంత గోల చేయలేదు, కానీ దాని నుంచి నేర్చుకోవాల్సింది ఎక్కువ. 1990ల్లో అమెరికాలో కొలరాడో, నెవాడా, వర్జీనియాల్లో విడుదల తర్వాతి ఆసరా కోసం ఒక ముమ్మర కార్యక్రమం పెట్టారు. లోపల ఉండగానే ప్లాన్, తక్కువ కేసులు చూసే అధికారులు, బయట గట్టి పర్యవేక్షణ, వాటితోపాటు సేవలు. కాగితం మీద వంక పెట్టడానికి లేదు. చివరికి మామూలు పద్ధతిలో విడుదలైనవాళ్లతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇలాంటి చోట నాకు ఎప్పుడూ వచ్చే అనుమానం ఒకటుంది. నిఘా పెట్టే కళ్లు పెంచడం సులువు, సాయం చేసే చేతులు పెంచడం కష్టం. కళ్లు పెరిగితే తప్పులు ఎక్కువ కనిపిస్తాయి, అంతే. మార్క్ లిప్సే వందల అధ్యయనాలను కలిపి 2009లో ప్రచురించిన విశ్లేషణ కూడా ఆ వైపే చూపుతుంది. క్రమశిక్షణ, నిఘా, భయం మీద నడిచే కార్యక్రమాలు ఫలితం ఇవ్వలేదు. నైపుణ్యం నేర్పడం, కౌన్సెలింగ్, ఎవరో ఒక మనిషి తోడుండడం మీద నడిచేవి ఇచ్చాయి.

మిజోరి రాష్ట్రం 1983లో బూన్‌విల్‌లోని పెద్ద శిక్షణ పాఠశాలను మూసేసి, రాష్ట్రంలో అక్కడక్కడా చిన్న కేంద్రాలు పెట్టింది. పది పన్నెండు మంది పిల్లల గుంపులు, యూనిఫారం గార్డుల బదులు చదువుకున్న యువ సిబ్బంది, ఇంటివాళ్లు వచ్చి చూడగలిగేంత దూరం. వీటిలో అన్నిటికన్నా పనికొచ్చే మార్పు బయటికి పెద్దగా కనబడనిది: కేసు మొదలైన రోజు నుంచి విడుదలై స్థిరపడేవరకూ ఒక్కో పిల్లవాడికి ఒకే సమన్వయకర్త. లోపల ఒకరు, బయట ఇంకొకరు, బడికి మరొకరు అన్న పద్ధతిలో కుర్రాడు ప్రతి కొత్త మనిషికీ తన కథ మొదటి నుంచి చెప్పుకోవాలి, ఏదైనా తేడా వస్తే ఎవరి తప్పో తేలదు. ఒకే మనిషి ఉంటే తప్పించుకోవడానికి వాడికీ వీల్లేదు, వ్యవస్థకూ వీల్లేదు.

నార్వే ఇదే సమస్యను ఇంకో వైపు నుంచి పట్టుకుంది. అక్కడ జైలుకు సొంత టీచర్లు, సొంత డాక్టర్లు, సొంత లైబ్రేరియన్లు ఉండరు. బయట అందరికీ సేవలందించే స్థానిక సంస్థల వాళ్లే లోపలికి వచ్చి పనిచేస్తారు. అందుకని లోపల చదివిన చదువు బయటి బడికి కొత్తేమీ కాదు, లోపలి ఆరోగ్య రికార్డు బయటివాళ్లకు పరాయిది కాదు. గేటు దగ్గర ఒక వ్యవస్థ నుంచి ఇంకో వ్యవస్థకు అప్పగించే పని చాలావరకు తప్పిపోతుంది.

మనసుకు నేర్పే పద్ధతుల్లో షికాగోలోని బికమింగ్ ఎ మ్యాన్ కార్యక్రమాన్ని చెప్పుకోవాలి. అందులో మొదటి ఆటల్లో ఒకటి ఇది. పిల్లలను జంటలుగా చేసి ఒకరి చేతికి బంతి ఇస్తారు. రెండోవాడు 30 సెకన్లలో దాన్ని తీసుకోవాలి. దాదాపు అందరూ పెనుగులాడతారు, వేళ్లు విరిచినంత పని చేస్తారు. ఆట అయ్యాక నిర్వాహకుడు అడుగుతాడు: ఇవ్వమని ఎవరూ అడగలేదేం? అడిగితే ఇచ్చేవాడివా అని బంతి పట్టుకున్నవాణ్ని అడిగితే, “ఇచ్చేవాణ్నే, ఉత్త బంతే కదా” అంటాడు. వీధిలో మన మీదికి వచ్చేవాడి గురించి క్షణంలో చేసే ఊహ తప్పు కావచ్చని ఆ పిల్లలకు ఉపన్యాసం లేకుండా అర్థమవుతుంది. కార్యక్రమం నడిచిన కాలంలో హింసాత్మక నేరాల అరెస్టులు 45 నుంచి 50 శాతం తగ్గాయి. అదే నగరంలోని జువెనైల్ నిర్బంధ కేంద్రంలో ఇదే తరహా శిక్షణ ఇస్తే, పిల్లలు మళ్లీ ఆ కేంద్రానికి రావడం 21 శాతం తగ్గింది. రెండూ లాటరీ పద్ధతిలో గ్రూపులు చేసి జరిపిన ప్రయోగాలే. పరిమితి కూడా చెప్పాలి. అరెస్టుల్లో ఆ తగ్గుదల కార్యక్రమం జరుగుతున్నంతకాలం స్పష్టంగా ఉంది, అది ముగిశాక అంత గట్టిగా నిలవలేదు.

ఇంటి మనుషులతో కలిసి పనిచేసే మల్టీసిస్టమిక్ థెరపీ గురించి కూడా గొప్పగా చెప్తారు. థెరపిస్టు ఇంటికే వస్తాడు, ఒకేసారి నాలుగైదు కుటుంబాలకు మించి చూడడు, ఏ వేళైనా ఫోను ఎత్తుతాడు. అమెరికాలో ఫలితాలు బాగున్నాయి. ఇంగ్లాండులో పెద్ద ఎత్తున పరీక్షిస్తే, అక్కడ మామూలుగా అందే సేవలకన్నా మెరుగని తేలలేదు. మామూలు సేవలే బాగున్న చోట ఖరీదైన పద్ధతికి చూపించడానికి పెద్దగా మిగలదేమో.

మరి ఉద్యోగం? పని దొరికితే చాలు అనేవాళ్లు ఎక్కువ. షికాగోలోనే హింస ఎక్కువగా ఉన్న ప్రాంతాల బడిపిల్లలకు 8 వారాల వేసవి ఉద్యోగాలిచ్చి చేసిన ప్రయోగంలో, 16 నెలల్లో హింసాత్మక నేరాల అరెస్టులు 43 శాతం తగ్గాయి. విచిత్రం ఏమిటంటే ఆ తగ్గుదల ఎక్కువగా ఉద్యోగం అయిపోయాక కనిపించింది. అంటే తీరిక లేకపోవడం వల్ల మాత్రమే కాదు. ఆ పని చోట ప్రతి పిల్లవాడికీ ఒక పెద్దమనిషి తోడుగా ఉన్నాడు, పై అధికారి మాట పడటం, పడ్డాక మర్నాడు మళ్లీ రావడం అలవాటైంది. లాస్ ఏంజెలెస్‌లో గ్రెగ్ బాయిల్ అనే క్రైస్తవ మతాధికారి 1988లో మొదలుపెట్టిన పని తర్వాత హోమ్‌బాయ్ ఇండస్ట్రీస్‌గా ఎదిగింది. గ్యాంగుల నుంచి, జైళ్ల నుంచి వచ్చినవాళ్లకు అక్కడ బేకరీలో పని ఇస్తారు. ఒకప్పటి శత్రు గ్యాంగుల వాళ్లు పక్కపక్కనే పిండి కలుపుతారు. ముఖం మీది గ్యాంగు టాటూలు ఉచితంగా తీసేస్తారు. ఉద్యోగం కావాలన్నవాడి నుదుటి మీద గ్యాంగు పేరుంటే ఏ శిక్షణా పనిచేయదన్నది అక్కడివాళ్లకు అనుభవం మీద తెలిసింది.

ఊరు ఒప్పుకోవడం

బాధితుల వైపు నుంచి చూస్తే ఈ చర్చంతా ఏకపక్షంగా కనిపిస్తుంది, అందులో న్యాయముంది. కొట్టినవాడికి కౌన్సెలర్, టీచర్, ఉద్యోగం. దెబ్బ తిన్నవాడికి ఏముంది? ఈ ప్రశ్నను పక్కన పెట్టి నడిపే పునరావాసానికి ఊరి మద్దతు దొరకదు. వాడు అదే వీధికి తిరిగి వస్తాడు, బాధితుడూ అదే వీధిలో ఉంటాడు.

న్యూజిలాండ్ 1989లో తెచ్చిన చట్టంతో కుటుంబ సమావేశాలను పిల్లల న్యాయ వ్యవస్థకు మధ్యలోకి తెచ్చింది. అక్కడి ఆదివాసులైన మావొరీల పిల్లలను కుటుంబాల నుంచి విడదీస్తున్నారన్న పెద్ద నిరసన ఆ చట్టం వెనక ఉంది. కుర్రాడు, వాడి బంధువర్గం, పోలీసు, రావడానికి ఇష్టపడితే బాధితుడు ఒకచోట కూర్చుంటారు. జరిగింది ఏమిటో చెప్పుకున్నాక కుటుంబం విడిగా మాట్లాడుకుని ఒక ప్రణాళిక తెస్తుంది. క్షమాపణ, నష్టపరిహారం, సమాజానికి కొన్ని గంటల పని, చదువు. అందరూ ఒప్పుకుంటే అదే అమలవుతుంది. బాధితులు అన్నిసార్లూ రారు. కొన్ని సమావేశాలు మొక్కుబడిగా సాగుతాయి, ప్రణాళికలో రాసిన సేవలకు డబ్బు ఉండదు. అయినా ఒక మేలు ఉంది. బయటికొచ్చిన కుర్రాడి గురించి చుట్టుపక్కలవాళ్లు వదంతుల ద్వారా కాక వాడి నోటి నుంచే విన్న సంగతి ఒకటి ఉంటుంది.

లివర్‌పూల్‌లో మాజీ నేరస్థుల జీవిత కథలు సేకరించిన షాడ్ మరూనా ఒక తేడా గమనించాడు. నేరాలు కొనసాగించేవాళ్లు తమ జీవితం ఎప్పుడో రాసిపెట్టి ఉందని, తమ చేతుల్లో ఏమీ లేదని చెప్పారు. మానేసినవాళ్లు తమ గతానికి ఏదో ఒక ఉపయోగం కల్పించుకున్నారు. తనలాంటి కుర్రాళ్లకు దారి చూపించడం అందులో తరచూ కనిపించేది. న్యూయార్క్ ప్రొబేషన్ శాఖ ఆర్చెస్ అనే కార్యక్రమంలో, ఒకప్పుడు జైలుకు వెళ్లొచ్చినవాళ్లనే జీతమిచ్చి కుర్రాళ్లకు తోడుగా పెట్టడం వెనక ఉన్న తర్కం ఇదే. వాళ్ల మాటను కుర్రాళ్లు వింటారు. పైగా ఆ ఉద్యోగం, చెప్పేవాడు కూడా మళ్లీ జారకుండా పట్టి ఉంచుతుంది.

పద్దెనిమిదో పుట్టినరోజు

పిల్లల వ్యవస్థ చాలాచోట్ల పద్దెనిమిదేళ్లకు చేయి వదిలేస్తుంది. మామూలు ఇళ్లలో పిల్లలు ఆ వయసుకే సొంత కాళ్ల మీద నిలబడుతున్నారా? ఏ ఆసరా లేని వాళ్లను మాత్రం నిలబడమంటున్నాం. జర్మనీలో 18 నుంచి 20 ఏళ్లవాళ్ల పరిణతి చూసి, జడ్జి వాళ్లకు బాలల చట్టమే వర్తింపజేయవచ్చు. నెదర్లాండ్స్ 2014లో ఆ వెసులుబాటును 23 ఏళ్లలోపు వాళ్లవరకూ పొడిగించింది. భారత్ 2015 జువెనైల్ జస్టిస్ చట్టం, సంస్థ నుంచి బయటికొచ్చిన 18 నుంచి 21 ఏళ్ల వాళ్లకు ఆర్థిక సాయంతో సహా తదుపరి సంరక్షణ ఇవ్వవచ్చంటుంది. అదే చట్టం 16 దాటినవాళ్లను ఘోర నేరాల కేసుల్లో పెద్దలుగా విచారించే తలుపు కూడా తెరిచింది. ఒకే చట్టం ఒక పేజీలో ఇంకా ఎదగలేదంటుంది, ఇంకో పేజీలో ఎదిగాడంటుంది.

వదలని రికార్డు

బడి, మందులు, ఇల్లు అన్నీ కుదిరినా మిగిలేది ఇది. 2003లో డెవా పేజర్ ప్రచురించిన ప్రయోగం ఇప్పటికీ కలవరపెడుతుంది. మిల్వాకీ నగరంలో ఒకే అర్హతలు చూపించే యువకులచేత ఉద్యోగాలకు దరఖాస్తు చేయించింది. తేడా అల్లా జైలు రికార్డు ఉందని చెప్పడం, చెప్పకపోవడం. తెల్లవాళ్లలో రికార్డు లేనివాళ్లకు 34 శాతం, ఉన్నవాళ్లకు 17 శాతం యజమానులు తిరిగి ఫోన్ చేశారు. నల్లవాళ్లలో అది 14, 5. రికార్డు అవకాశాలను సగమో, అంతకన్నా ఎక్కువో కోసేసింది. రికార్డే లేని నల్ల యువకుడు, రికార్డున్న తెల్ల యువకుడికన్నా వెనక పడ్డాడు.

దీనికి మందుగా వచ్చింది దరఖాస్తులో నేర చరిత్ర అడిగే గడి తీసేయమనే ఉద్యమం. 1998లో హవాయి మొదలుపెట్టింది. తర్వాత అమాండా అగన్, సోన్యా స్టార్ న్యూజెర్సీ రాష్ట్రంలో, న్యూయార్క్ నగరంలో వేల నకిలీ దరఖాస్తులు పంపి చూశారు. గడి తీయక ముందు తెల్లవాళ్లకు నల్లవాళ్లకన్నా 7 శాతం ఎక్కువ పిలుపులు వచ్చేవి. తీశాక ఆ తేడా 43 శాతమైంది. రికార్డు కనబడకపోయేసరికి యజమానులు రంగును చూసి ఊహించుకోవడం మొదలుపెట్టారు. మంచి ఉద్దేశం అడ్డం తిరగడంలో కేంబ్రిడ్జ్ శిబిరాల తర్వాత ఇది రెండో ఉదాహరణ.

మరి యజమాని భయానికి అర్థం లేదా? ఉంది, కొంతకాలం. ఆల్ఫ్రెడ్ బ్లమ్‌స్టీన్, కిమినోరి నకమురా న్యూయార్క్ రాష్ట్రంలో 1980లో మొదటిసారి అరెస్టయినవాళ్ల రికార్డులను పరిశీలించారు. 18 ఏళ్లప్పుడు ఇంట్లో జొరబడి దొంగతనం చేసినవాడు మళ్లీ అరెస్టు కాకుండా 3.8 ఏళ్లు గడిపితే, వాడి వల్ల ఉన్న ప్రమాదం అదే వయసు మామూలు జనంతో సమానమవుతుంది. దాడి కేసులో 4.3 ఏళ్లు, దోపిడీలో 7.7. రికార్డుకు గడువు ఎంత పెట్టాలన్న వాదనకు ఇవి పట్టుకోదగ్గ అంకెలు. జీవితాంతం అనే గడువుకు మాత్రం ఆధారమేమీ వీటిలో లేదు.

పైన చెప్పిన భారత జువెనైల్ జస్టిస్ చట్టంలో 24వ సెక్షన్ ప్రకారం బాలుడిగా దోషిగా తేలినా, ఆ కారణంగా ఏ అనర్హతా తగలకూడదు. పెద్దవాడిగా విచారణ జరిగిన 16 దాటినవాళ్లకు ఈ రక్షణ లేదు. 74వ సెక్షన్ పత్రికలు పేరు రాయకూడదంటుంది, ముగిసిన కేసును క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం పోలీసులు బయటపెట్టకూడదంటుంది. నియమం గట్టిదే. కుర్రాడికీ, వాడి యజమానికీ, ఆ కౌంటర్ దగ్గర కూర్చున్న గుమాస్తాకూ ఆ నియమం ఉందని తెలిసినప్పుడే అది అక్కరకొస్తుంది.

తెలియకపోవడం ఎంత ఖరీదైనదో మిషిగన్ రాష్ట్రం లెక్కలు చూపిస్తాయి. అక్కడ రికార్డు చెరిపించుకునే అర్హత ఉన్నవాళ్లలో ఐదేళ్లలోపు ఆ పని చేయించుకున్నది 6.5 శాతమే. చేయించుకున్నవాళ్ల సంపాదన ఏడాదిలో సగటున 20 శాతానికి పైగా పెరిగింది, మళ్లీ నేరం చేసినవాళ్లు అతి తక్కువ. మిగతావాళ్లు ఫారాలు, వేలిముద్రలు, ఫీజులు, కోర్టు వాయిదాల దగ్గర ఆగిపోయారు, లేదా అలాంటి వీలుందనే వినలేదు. పెన్సిల్వేనియా 2018లో అర్హతగల రికార్డులను దరఖాస్తు లేకుండానే మూసేసే చట్టం తెచ్చింది. మిషిగన్ 2020లో తనూ చట్టం చేసి, 2023 ఏప్రిల్ నుంచి ఆ పనిని కంప్యూటర్లకు అప్పగించింది. అంతకుముందే రికార్డులను కొని దాచుకున్న ప్రైవేటు వెరిఫికేషన్ కంపెనీల దగ్గర పాత కాపీ అలాగే ఉండిపోవచ్చు. దాన్ని తీయించడానికి ఆ మనిషే ఒక్కో కంపెనీకీ విడివిడిగా రాసుకోవాలి.